నేను ఎక్కించిన కుందేలుకు మూడే కాళ్లు

కారెక్కితే కుందేలు బెదిరిపోతుందని చెప్పేవాళ్లు ఒక్కసారి మా కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేట నుంచి బెంగళూరుకు తామే బండి తోలి చూడాలి. బెదిరేది తోలేవాడు. హొసకోటె దగ్గర లారీల మధ్య, కె.ఆర్.పురం హ్యాంగింగ్ బ్రిడ్జి దగ్గర బస్సుల మధ్య నాకు చొక్కా తడిసిపోతుంది. వెనక కూర్చున్న కుందేలుకు చుక్క చెమట పట్టదు. దాని ఒంట్లో చెమట పట్టే ఏర్పాటే లేదని మా మేనకోడలు అంటుంది. ఆమె మాటలు ముందు ముందు చాలానే వస్తాయి, ఓపిక పట్టండి.

నాది బాడుగ బండి, మారుతి ఓమ్ని. కోలారు జిల్లాలో నేను ఎక్కించుకోని ప్రాణి లేదు. పెళ్లికూతుళ్లు, బాలింతలు, కొత్త పని మొదలుపెట్టే ముందు కురుడుమలె వినాయకుణ్ణి చూసి రావాలనుకునేవాళ్లు, కమ్మసంద్రం కోటిలింగేశ్వరానికి పోయే యాత్రికులు, ‘రాకీ భాయ్ ఇల్లు ఎక్కడన్నా’ అని అడిగే కాలేజీ పిల్లలు. ఆ చివరివాళ్లను సైనైడ్ దిబ్బల దగ్గర కేజీఎఫ్ సినిమా సెట్టు వేసిన చోటికి తీసుకుపోయి, దుమ్ము చూపించి, వెనక్కి తెచ్చి దింపుతాను. ఈ మధ్య వీళ్లందరికంటే కుందేళ్లు ఎక్కువయ్యాయి. పిల్లలు మారాం చేశారని శివాజీనగర్‌లో జత కొనుక్కొస్తారు. అది రెండు పూటలు తిండి మానేస్తే హెబ్బాళ పశువుల ఆసుపత్రికి పరుగెత్తుతారు. రావడమూ నా బండిలోనే, పోవడమూ నా బండిలోనే. కాబట్టి ఈ విషయంలో సలహా చెప్పే అర్హత నాకున్నంత ఇంకెవరికీ లేదు. మా అక్క కూతురు హెబ్బాళలో పశువైద్యం చదువుతున్న మాట నిజమే గానీ, ఆమెకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది నిరుడే.

ముందు అసలు సూత్రం చెప్తాను. అరవని ప్రాణి హాయిగా ఉన్నట్టు. పసిబిడ్డ ఏడుస్తుంది, కుక్క మూలుగుతుంది, కోడి గోల చేస్తుంది, పెళ్లివారు అందరికంటే ఎక్కువ గోల చేస్తారు. కుందేలు కిక్కురుమనదు. ఎక్కించిన చోట ముడుచుకుని, చెవులు వీపుకు అతికించుకుని, కళ్లు పెద్దవి చేసుకుని దిగేదాకా అట్లాగే ఉంటుంది. ఇంతకంటే నెమ్మదైన పాసింజరును నేను చూడలేదు.

“అది నెమ్మది కాదు మామా, బిగుసుకుపోవడం” అంటుంది మేనకోడలు. “నక్కకూ గద్దకూ తిండి అయ్యే ప్రాణి అది. భయమేస్తే కదిలితే కనపడతానని రాయి మాదిరి ఉండిపోతుంది. నొప్పి ఉన్నా బయటపెట్టదు. కళ్లు బయటికొచ్చినట్టుండాయంటే, పక్కలు గబగబా ఎగురుతున్నాయంటే లోపల అది చస్తా బతుకుతా ఉండాదని అర్థం.”

దీనికి జవాబుగా నేను మా తాత సంగతి చెప్పాను. మీకూ చెప్తాను.

మా తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి చాంపియన్ రీఫ్ బంగారు గనిలో చేరాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ కాలు పెట్టినప్పటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా ఈ ఊరి మగవాళ్లు రోజూ చేసిన ప్రయాణం ఒక్కటే, ఇనుప బోనులో నిలబడి నిట్టనిలువునా కిందికి. తవ్వగా తవ్వగా లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అడుగున రాతి వేడి అరవై డిగ్రీల పైమాట. గాలిని యంత్రాలతో చల్లబరిచి పంపితే తప్ప అక్కడ మనిషి నిలబడలేడు. ఆ బోనులో మా తాత కాళ్ల కింద ఎవరైనా తువ్వాలు పరిచారా? పక్కన తడిగుడ్డ పెట్టారా? వారం ముందే బోను ఇంటికి పంపి ‘దీంట్లో కాసేపు కూర్చుని అలవాటు చేసుకో’ అన్నారా? గంట కొట్టేవారు, దిగేవాడు. ఇంటికొచ్చాక ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఎంత నెమ్మదస్తుడో అని వీధి వీధంతా చెప్పుకునేది. చివరి ఏళ్లలో దగ్గు తప్ప ఆయన నోటి నుంచి ఇంకేమీ రాలేదు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే దగ్గు అది, సిలికోసిస్ అని డాక్టర్లు దానికి పేరు కూడా పెట్టారు. అది వేరే సంగతి, ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది ప్రయాణం గురించి. బోనులో ఆయన ఏ రోజూ గొడవ చేయలేదు. అటువంటి వంశంలో పుట్టినవాణ్ణి పట్టుకుని, నూరు కిలోమీటర్ల తారురోడ్డుకు కుందేలుకు మేనకోడలు చెప్పే ఈ ఉపచారాలన్నీ చేయమంటే ఎట్లా?

మేనకోడలు చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె కూడా నెమ్మదస్తురాలే.

ఇక పొట్ట సంగతి. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ ఉంది చూశారూ, తిరుపతి బాడుగల్లో నా సీట్లకు శత్రువు అదే. అందుకని పాసింజర్లకు ముందు రోజే చెప్తాను: ఖాళీ కడుపుతో ఎక్కండి, చేతిలో నిమ్మకాయ పెట్టుకోండి. కుందేలుకూ ఇదే నియమం. రాత్రి నుంచే గడ్డి తీసేయండి, నీళ్ల గిన్నె తీసేయండి. ఫలితం చెప్తే నమ్మరు. ఇన్నేళ్లలో నా బండిలో ఒక్క కుందేలంటే ఒక్క కుందేలు కూడా కక్కలేదు.

“కుందేలుకు కక్కు రాదు మామా. పొట్టలోకి పోయింది వెనక్కి వచ్చే దారి దానికి లేదు. నువ్వు ఉపవాసం పెట్టినా కక్కదు, పెళ్లిభోజనం పెట్టినా కక్కదు.”

“మరి నా సీటు శుభ్రంగా ఉందా లేదా?”

“సీటు శుభ్రంగానే ఉండాది. కుందేలు పేగు ఆగిపోయింది. దానికి రేయింబగలు గడ్డి లోపలికి పోతా ఉంటేనే పేగు కదుల్తా ఉంటుంది. కొన్ని గంటలు ఆపితే చాలు, గ్యాసు పట్టి పొట్ట ఉబ్బుతుంది, నొప్పికి ఇంకా తినదు, తినకపోతే ఇంకా ఆగిపోతుంది. మేం ఆపరేషన్ చేసే రోజు కుక్కనూ పిల్లినీ ఖాళీ కడుపుతో తెమ్మంటాం. కుందేలును మాత్రం గడ్డితో సహా తెమ్మంటాం.”

ఆసుపత్రి వాళ్లకు సీట్లు లేవు కాబట్టి ఎన్నైనా చెప్తారు. ఉపవాసంలో ఇంకో లాభం కూడా ఉంది, అది పుస్తకాల్లో రాయరు. పెంటికలు తగ్గిపోతాయి. ఉన్నవి కూడా చిన్నవైపోయి, గట్టిపడి, చీపురు తగిలితే చాలు దొర్లిపోతాయి. పెంటికలు చిన్నవి కావడం, ఆగిపోవడం మొదటి అపాయ సూచన అనీ, అది చూసిన పూటే డాక్టరు దగ్గరికి పోవాలనీ మేనకోడలు కోప్పడుతుంది. బండి ఊడ్చేది ఆమె కాదు కదా.

దిగాక ఆకలేస్తుంది కాబట్టి శ్రీనివాసపురం మామిడిపండు ఒకటి కోసి పెట్టండి. తీపి ఎక్కువైతే పేగులోని మంచి క్రిములు తారుమారవుతాయట. మా జిల్లా మామిడిపండు గురించి ఇట్లాంటి మాట అనడానికి నోరెట్లా వచ్చిందో ఆమెకు.

పెట్టె గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పెంపుడు జంతువుల పెట్టెలని బెంగళూరు షాపుల్లో వేలకు వేలు గుంజుతున్నారు. కోలారు వాళ్లకు ఆ అవసరమేముంది? మన ఏపీఎంసీ యార్డులో టమోటాలు పోసే ప్లాస్టిక్ పెట్టె ఉంది. పదిహేను కిలోలు పడుతుంది. చుట్టూ కంతలు, గాలికి గాలి. అందులో పోసిన టమోటా ఎక్కడో ఉత్తరాదికి లారీలో పోయి కూడా నలగకుండా దిగుతుంది. 2023 జూలైలో పెట్టె ధర రెండు వేలు దాటినప్పుడు జనం తోటల్లో రాత్రిళ్లు కాపలా పడుకున్నారు. అంత మర్యాద చూసిన పెట్టె అది. దాంట్లో కుందేలును కూర్చోబెట్టి, పైన గోనెసంచి కప్పి, చుట్టూ తాడు బిగిస్తే అయిపోయింది. అడుగున ఏమీ వేయకండి. ప్లాస్టిక్ నున్నగా ఉండటం వల్ల బ్రేకు కొట్టినప్పుడల్లా కుందేలు ఈ గోడ నుంచి ఆ గోడకు జారుతుంది. మలుపులో అడ్డంగా జారుతుంది. కూర్చున్న చోటే వ్యాయామం.

మేనకోడలు కుందేలు కాలు తిప్పి నాకు చూపించింది. కుక్కకూ పిల్లికీ పాదం కింద ఉండే మెత్తటి దిండ్లు దీనికి లేవు. ఉన్నది వట్టి బొచ్చు. నున్నటి నేల మీద దానికి పట్టు దొరకదట, పట్టు దొరకని కుందేలుకు ధైర్యం ఉండదట. వెనక కాళ్ల కండలేమో బలమైనవి, ఎముకలేమో పెళుసు. ఒంట్లో ఎముకలన్నీ కలిపినా బరువులో నూటికి ఎనిమిది పాళ్లే. బెదిరి గట్టిగా తన్నితే తన నడుము తానే విరగ్గొట్టుకుంటుందట. ఆ కంతల్లో గోరు ఇరుక్కుంటే ఊడి వస్తుందట. ఇన్ని ‘అట’లు విన్నాక నేను ఒక మెట్టు దిగి, పెట్టె అడుగున మెత్తగా ఉండేట్టు పక్క తోటలో నుంచి టమోటా ఆకులు, కాడలు తెచ్చి పరిచాను. దానికీ అరిచింది. పండు ముక్క చిన్నది పెడితే పర్వాలేదు గానీ ఆకూ కాడా విషమంటూ మొత్తం ఎత్తి రోడ్డు పక్కన పారేసింది. సొంత ఖర్చుతో పరుపు వేసినవాడికి దక్కిన మర్యాద ఇది.

పెట్టెను ఎక్కడ పెట్టాలి? ఓమ్నిలో దీనికి ప్రశస్తమైన చోటు ముందు సీట్ల పక్కన. ఈ బండికి ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. బంగారుపేట దాటేసరికి సీటు వెచ్చబడుతుంది, హొసకోటె వచ్చేసరికి కాలుతుంది. బొచ్చున్న ప్రాణికి ఒళ్లు కాపడం మంచిదని ఏ పల్లెటూరి ముసలమ్మనడిగినా చెప్తుంది. కిటికీలు బిగించండి, గాలి తగిలితే జలుబు చేస్తుంది. సైనైడ్ దిబ్బల పక్కన పోయేటప్పుడు మాత్రం తెరవండి. నూరేళ్లకు పైగా రాయి దంచి బంగారం తీసి పోసిన పిండి, మూడు కోట్ల టన్నులకు పైమాటే. గాలి లేచిన రోజున అది ఊరంతా చల్లుకుంటుంది. పుట్టి పెరిగిన ఊరి వాసన కుందేలుకు తెలియాలి.

వేడి అంత మంచిదైతే ములబాగిలులో ఏం జరిగిందని మా అక్క ఎత్తిపొడుస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, తీర్పు మీరే ఇవ్వండి.

మే నెల. రాబర్ట్‌సన్‌పేటలోని ఒక కుటుంబం సెలవులకు పలమనేరు పోతూ కుందేళ్ల జతను కూడా వెంట తెచ్చుకుంది. మా అక్కది పలమనేరే కాబట్టి మేనకోడలు కూడా ముందు సీట్లో ఎక్కింది. ములబాగిలు వచ్చాక దోసె తినకుండా నంగలి వైపు పోవడం పాపం. ఇక్కడి దోసె పలచన కాదు. దళసరిగా, అంచు కరకరమంటూ, నడుమ మెత్తగా, నెయ్యి ఓడుతూ వస్తుంది. రష్షు ఉంటే కాసుకోవాలి. బండి ఎండలోనే ఆగింది, నీడన ఇంకో బస్సు ఉంది. కిటికీలు బిగించి, కుందేళ్లను నిద్రపోమని చెప్పి అందరం లోపలికి పోయాం.

మేనకోడలు చెయ్యి కడుక్కుని ముందే లేచింది. నేను పార్సిల్ పట్టుకుని వెనకాలే వచ్చాను. తలుపు తీస్తే లోపలి నుంచి వేడి ముఖానికి కొట్టింది. తెల్లది, ఎర్రకళ్లది, పెట్టెలో నిలువునా మెడ చాచి ముక్కు ఆకాశానికి ఎత్తి కూర్చుని ఉంది. చెవుల లోపల నరాలు లావెక్కి ఎర్రగా తేలాయి. ముక్కు కిందా గడ్డం కిందా బొచ్చు తడిసి అతుక్కుపోయింది. నోరు తెరుచుకుని ఉంది. పక్కలు ఎంత వేగంగా ఎగురుతున్నాయంటే విడివిడిగా కనపడటం లేదు. కళ్లు మాత్రం దేన్నీ చూడటం లేదు. నాకు అది ధ్యానంగా కనపడింది. కురుడుమలె ఎంతో దూరం లేదు కదా, స్థలమహిమ అనుకున్నాను.

మేనకోడలు దాన్ని ఎత్తుకుని చింతచెట్టు కిందికి పరుగెత్తింది. నా సీసాలోని నీళ్లు అరచేతిలో పోసుకుని చెవులకు పూసింది, మళ్లీ పూసింది. హోటలు కుర్రాడు ఐసుముక్కలు తెస్తే వద్దంది, ఒక్కసారిగా చల్లబరిస్తే తట్టుకోలేదట. ఒళ్లు ముంచొద్దంది, చెవులు చాలంది. కుందేలుకు వేడి బయటికి పోయే దారి ఆ చెవులేనట. అది ముక్కుతోనే ఊపిరి తీసే ప్రాణి, నోరు తెరిచిందంటే ఆఖరి మెట్టు మీద ఉన్నట్టట. “ఇరవై డిగ్రీల్లో హాయిగా ఉంటుంది మామా. ముప్ఫై కాకముందే కష్టం మొదలవుతుంది. బయట ముప్ఫైఅయిదు ఉంటే బిగించిన కారులో పది నిమిషాల్లో ఇంకో పది ఎక్కుతుంది. ఇంకో దోసె చెప్పింటే ఇది ఉండేది కాదు” అంది. చాలాసేపటికి దాని నోరు మూసుకుంది, తల దిగింది. కొడైకెనాల్ పక్కన మన్నవనూరులో గొర్రెల పరిశోధన సంస్థవాళ్లు కుందేళ్లను పెంచుతున్నది ఆ కొండ చల్లదనం చూసుకునే అని దారి పొడవునా చెప్తూనే ఉంది. ప్రభుత్వానికి కొండలున్నాయి. నాకున్నది ఓమ్ని.

నా దోసె చల్లారిపోయింది. ఆ విషయం ఎవరూ మాట్లాడరు.

ఇక పాటల సంగతి. గట్టిగా పెట్టండి. కుందేళ్లకు సంగీతజ్ఞానం ఉంది. టేపు పెట్టిన మరుక్షణం వెనక కాలితో పెట్టె అడుగున టప్పు టప్పుమని తాళం వేస్తాయి. శబ్దం పెంచితే ఇంకా గట్టిగా వేస్తాయి. అది తాళం కాదు, అపాయం వచ్చిందని తోటి కుందేలుకు నేల ద్వారా పంపే హెచ్చరిక అంటుంది మేనకోడలు. మనకు వినపడని సన్నటి ధ్వనులు కూడా, మన చెవి ఆగిపోయే ఇరవై వేల హెర్ట్జ్‌కు రెట్టింపు దాకా, దానికి వినపడతాయట. కాబట్టి ఓమ్ని తలుపు కిర్రుమనడం, బ్రేకు కీచుమనడం మనకంటే దానికే ఎక్కువట.

నేల కింద నుంచి వచ్చే హెచ్చరికల గురించి కేజీఎఫ్ వాళ్లకు ఒకరు చెప్పాలా? లోపల రాయి ఒత్తిడికి పగిలినప్పుడు పైన ఇళ్లు అదిరేవి. అటకమీద గిన్నెలు దొర్లిపడేవి, గోడలు నెర్రెలిచ్చేవి. అప్పుడు ఆడవాళ్లు వీధిలోకి వచ్చి షాఫ్టు వైపు చూస్తూ నిలబడేవాళ్లు, ఏ షిఫ్టులో ఎవరు దిగారో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ. ఆ పగుళ్లను కనిపెట్టి చదవడానికి 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్‌ను ఇక్కడే పెట్టారు. మా నాయనమ్మకు ఏ యంత్రమూ అవసరం లేకపోయింది, నేల తీరు అరికాళ్లకు తెలిసేది. కుందేలుకూ అట్లాగే తెలుస్తుందంటే తెలియనివ్వండి. కానీ నా బండిలో అపాయం ఎక్కడుంది?

ఇంత చేసినా మీ కుందేలు కుదురుగా లేకపోతే పెద్ద మంత్రం ఒకటుంది. వెల్లకిలా తిప్పి పడుకోబెట్టి, పొట్ట మీద రెండుసార్లు నిమరండి. కాళ్లు గాల్లో పెట్టి కదలకుండా పడిపోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. నక్క నోట చిక్కాక చచ్చినట్టు పడి ఉండటం అది, లోపల గుండె దడదడలాడుతూనే ఉంటుందని మేనకోడలు అంటే పిల్లలు చప్పట్లు ఆపేశారు. ఆమె వచ్చాక ఇంట్లో వినోదం తగ్గిపోయింది.

చెవులు పట్టి ఎత్తడం గురించి చెప్పనవసరం లేదు, పిడి ఉన్నదే అందుకు. మేనకోడలేమో ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిర్రల కింద పెట్టి, ఒంటికి ఆనించుకుని ఎత్తుతుంది, రెండు చేతులూ దానికే పోతాయి. జతను వేరు చేయండి, జబ్బు చేసినదాన్నే తీసుకురండి, రెండోదానికి ఎందుకు దండగ? ఒకదాన్నే తీసుకుపోతే అది ఆసుపత్రి వాసనతో తిరిగొస్తుందనీ, ఇంట్లో ఉన్నది గుర్తుపట్టక కొట్లాడుతుందనీ, కలిసి పోతే ఒకదానికొకటి ధైర్యమనీ ఆమె లెక్క. మందులషాపులో మనుషుల నిద్రమాత్ర అడిగి పావు ముక్క వేయమని నేను చెప్పబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్పు కూడా వేయకూడదట, మన జబ్బును తగ్గించే మందు నోట్లో పోస్తే దాని పేగును చంపుతుందట. ఈ ఒక్క చోట మాత్రం ఆమె ముఖం చూసి నేను ఇంకేమీ చెప్పడం లేదు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటున్నానని మా అక్క ఎగతాళి చేస్తుంది. పట్టడం వేరు, ఎక్కించడం వేరు. నాలుగో కాలు పెట్టె కంతలో ఉంటుంది, కనపడదు.

అయినా ఎదుటివాళ్ల పద్ధతి కూడా చూడాలి కదా అని, మొన్న దసరా తర్వాత ఒక కుందేళ్ల జతతో హెబ్బాళ బాడుగకు మేనకోడలి మాట ప్రకారమే బండి తీశాను. ఆ తతంగం చూడండి. గట్టి పెట్టెను వారం ముందు నుంచే కుందేళ్లుండే గదిలో తలుపు తెరిచి ఉంచింది. లోపల గడ్డి వేసి వదిలేస్తే అవే పోయి పడుకోవడం మొదలుపెట్టాయి. అడుగున పాత తువ్వాలు, దాని మీద అవి రోజూ పడుకునే గుడ్డే, ఉతకకుండా. గడ్డి దండిగా. ఫ్రీజరులో గడ్డకట్టించిన నీళ్లసీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టింది, వేడిగా ఉన్న కుందేలు ఆనుకుంటుందట, వద్దనుకున్నది దూరం జరుగుతుందట. నీళ్ల గిన్నె తొణుకుతుందని కడిగిన కొత్తిమీర తడితడిగా పెట్టింది. బయలుదేరింది తెల్లవారుజాము అయిదింటికి. పుస్తకాల ప్రకారం పెట్టెను ముందు సీటు వెనక నేలమీద పెట్టాలి. కానీ ఓమ్ని నేల మీద అరచెయ్యి ఆనించి చూసి, “ఇది పెనం” అని, వెనక సీటు మీద అడ్డంగా పెట్టి బెల్టు బిగించింది. ఊపితే కదలలేదు. అద్దానికి వేలాడే సెంటు సీసా తీసేయించింది, కుందేలు ముక్కుకు ఘాటట. టేపు లేదు. హారను అవసరమైతేనే. బ్రేకు ముందు నుంచే మెల్లగా తొక్కాలి. టేకల్ రోడ్డు మలుపుల్లో నేను గుడ్లు మోస్తున్నట్టు తోలాను.

మాలూరు దాటాక అద్దంలో చూశాను. పెద్దది పక్కకు వాలి, వెనక కాళ్లు బారుగా చాపుకుని, కళ్లు సగం మూసుకుని గడ్డిపోచ నములుతోంది. పోచ నోట్లోకి పొడవునా జరిగిపోతూ ఉంది, మీసాలు కదులుతున్నాయి. చిన్నది దాని వీపు మీద గడ్డం పెట్టి, కాసేపటికోసారి దాని నెత్తి నాకుతోంది. చెవులు ఇష్టమొచ్చినట్టు వేలాడుతున్నాయి. పెంటికలు బఠానీల సైజులో, గుండ్రంగా, హెబ్బాళ దాకా పడుతూనే ఉన్నాయి.

ఇదా నెమ్మది? ఒక క్రమశిక్షణ లేదు, కుదురు లేదు, పెద్దవాళ్లు ఉన్నారన్న భయం లేదు. బోనులో నిలబడే తీరు ఇట్లా ఉంటే గనిలో మేస్త్రీ ఒక్క రోజు కూడా దించేవాడు కాదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది, చివరిసారి ఎప్పుడు తిన్నాయని. ఇప్పుడు కూడా తింటానే ఉండాయని మేనకోడలు చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, పళ్లు చూసి, గోళ్లు కత్తిరించి పంపేసింది. నేను తెచ్చిన బాడుగల్లో ఇంత తొందరగా తిరిగి బయలుదేరింది ఇదే, వెయిటింగు చార్జి కూడా రాలేదు.

ఇప్పుడు ఫోన్ చేసేవాళ్లు ముందు నన్నడగడం లేదు, మేనకోడలు వస్తుందా అని అడుగుతున్నారు. సెలవు రోజుల్లో వస్తుంది. ఆమె వచ్చే రోజు బండిలో పాటలు ఉండవు, ములబాగిలులో దోసెకు ఆగడం ఉండదు, చీకటితోనే లేవాలి. అందుకని ఆ రోజు బాడుగ నూటయాభై ఎక్కువ. గడ్డి మీదే.